ఇంకిపోయిన నీళ్ళు

తిరుమణి దగ్గరి ఆ పల్లెలో చదునుగా ఉన్న భూములన్నీ సోలార్ పార్కు కంచె లోపలికి వెళ్ళిపోయాక, నరసక్కకు మిగిలింది గుట్ట కింది మిట్టచేను ఒక్కటే. దాన్ని ఎవరూ అడగలేదు. ఏటవాలుగా ఉంటుంది, నడుమ నడుమ బండలు తేలి ఉంటాయి. సోలార్ పలకలు నిలబెట్టడానికి పనికిరాదని కొలతల వాళ్ళు చూసి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆమె భర్త చిన్నరంగప్ప ఇంటికొచ్చి, "పనికిరాని దాన్ని మనకు ఇడిసిపెట్టినారే" అని నవ్వాడు. ఆ తర్వాత ఆ చేనులో కాలు పెట్టలేదు.

అతను మొదటినుంచీ అలాంటి మనిషి కాదు. శెనక్కాయ చేలో పొద్దు పుట్టకముందే గుంటక కట్టిన మనిషే. బోర్లు వేసి వేసి చెడ్డాడు. బోరు బండి గుండెలదిరేలా మోగడం, చివరికి తెల్లటి దుమ్ము చిమ్మడం, జనం తలలు దించుకుని వెళ్ళిపోవడం. అలా జరిగిన ప్రతిసారీ మనిషి కొంచెం చిన్నబోయాడు. కంచెలోకి పోయిన భూమికి కౌలు రావడం మొదలయ్యాక, ఇక మట్టితో పనిలేదన్నట్టు పొద్దున్నే వెళ్ళి బస్సు షెల్టరులో కూర్చునేవాడు. అన్నం వేళకు వచ్చేవాడు.

నరసక్క మాత్రం రెండు ఎండాకాలాలు ఊరి ఆడవాళ్ళతో కలిసి పలకల కింద గడ్డి కోసే కూలికి పోయింది. ఒకసారి తమ పాత చేను ఉన్న చోటే పని పడింది. గుర్తుపట్టడానికి ఒక చెట్టు లేదు, చేని గట్టుగా వేసిన గెనిమ ఒక్కటి లేదు. పలకల వరసల మధ్య వేడి, పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహానికి కొట్టేది. సాయంత్రం వ్యాను దిగితే మోకాళ్ళు మడత పడేవి కావు. గోడలు పట్టుకుని ఇల్లు చేరేది. "ఇంక సాలు మానుకో అత్తా" అని కోడలు రంజిత అంటే మానేసింది.

ఇంట్లో కూర్చుంటే అలుపు తీరుతుందనుకుంది. తీరలేదు. పని చేసి వచ్చిన అలుపు పడుకుంటే పోయేది. ఊరికే కూర్చున్న అలుపు మాత్రం పొద్దున లేచేసరికి మంచం పక్కనే ఉండేది. అందుకని ఒక ఏడు, వేరే దారి తోచక, మిట్టచేనుకు పోయింది.

అలవాటు కొద్దీ శెనక్కాయే వేసింది. మృగశిర కార్తెలో పదును దొరికితే కొడుకు దేవరాజు ట్రాక్టరు పిలిపించి విత్తించాడు. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఊడలు దిగే వేళకు నేల గట్టిపడిపోయింది. ఇక పోయిందిలే అనుకున్నాక హస్తలో ఒక పెద్ద వాన వచ్చింది. గుట్ట మీది నున్నటి బండ మీద పడిన నీళ్ళన్నీ ఒక్క ఊపున చేలోకి దిగి, పైమన్నును ఈడ్చుకుని వంకలోకి పోయాయి. మర్నాడు చూస్తే మొక్కల వేర్లు బయటికి తేలి ఉన్నాయి.

"నేను చెప్పలే? ఆ చేనికి వానొచ్చినా నష్టమే, రాకున్నా నష్టమే" అన్నాడు చిన్నరంగప్ప.

"చెప్పినావులే" అంది నరసక్క. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు.

తర్వాతి వాన పట్టినప్పుడు ఆమె చేలోనే ఉంది, ఉన్న నాలుగు కాయలు ఏరుకుంటూ. ఇంటికి పరుగెత్తే మోకాళ్ళు కావు. యూరియా సంచిని తల మీద గొంగడిలా కప్పుకుని ఒక బండ మీద కూర్చుండిపోయింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ వాన పడితే పరుగెత్తడమే తప్ప కూర్చుని చూసింది లేదు. ఆ రోజు చూసింది.

గుట్ట మొదట్లో బండ మీద పలచగా పరుచుకున్న గరుసు, గులకరాళ్ళ నేల. అక్కడ నీళ్ళు ఆగనే ఆగలేదు, గాజు మీద జారినట్టు జారిపోయాయి. చేను నడుమ, నడిచేలో, ఎర్రమన్ను. అక్కడ మామ కాలంలో వేసిన రాతి గెనిమ ముక్క ఒకటి మిగిలి ఉంది. దాని వెనక మాత్రం నీళ్ళు కాసేపు నిలిచి, బురదను దించుకుని, తేటగా పక్కకు పోయాయి. కిందికి వచ్చేసరికి అన్ని పాయలూ ఒకే మూలకు చేరి, అక్కడినుంచి వంకలోకి దూకాయి. వాన ఆగాక ఆమె లేచి ఆ గెనిమ వెనక మన్నులో వేళ్ళు గుచ్చింది. మెత్తగా దిగాయి. రెండు బారలు పక్కకు వచ్చి గుచ్చితే గోరు విరిగింది.

ఒకే చేను అనుకుని ఇన్నాళ్ళూ ఒకే పైరు వేసుకుంటూ వచ్చారు. ఒకే చేను కాదది. మూడు తీర్ల నేల.

ఆ చలికాలమంతా ఆమె దాని గురించే ఆలోచించింది. పైన గరుసును దున్నడం మానేయాలి. దున్నితే ఉన్న కాస్త మన్నూ పోతుంది. సీతాఫలం, కానుగ నాటి వదిలేస్తే అవే పట్టుకుంటాయి. నడిచేలో వాలుకు అడ్డంగా రాతి గెనాలు వేసి కంది, ఆముదం వేయాలి, నడుమ అలసంద. మొదటి వానలు తప్పితే వెనక వానలకు ఉలవ చల్లుకోవచ్చు. కింది మూలలో నీళ్ళు ఆపాలి. ఈ లెక్కలో తన మోకాళ్ళకూ ఒక పాలు పెట్టుకుంది. శెనక్కాయ అయితే వంగి పీకాలి, కూర్చుని ఒలవాలి. ఆముదం గెలలు నిలబడి కోయొచ్చు, కంది నిలబడి కొట్టొచ్చు. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే పని తప్పించుకోవడం అంటారు.

రాళ్ళు మోసి గెనాలు వేయడం పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. పెద్ద రాళ్ళను గడ్డపారతో దొర్లించేది. పని లేని రోజు దేవరాజు వచ్చి చేయి వేసేవాడు. వంకర టింకరగా, మోకాలి ఎత్తున, ఉగాది నాటికి గెనాలు నిలబడ్డాయి.

ఆ ఎండల్లోనే నేత్రావతి వచ్చింది. వై.ఎన్.హొసకోట రైతు సంపర్క కేంద్రంలో పనిచేసే పిల్ల, స్కూటీ మీద పల్లెలు తిరుగుతుంది. గెనాలు చూసి సంతోషపడింది. చేను చుట్టూ తిరిగి, కింది మూలలో కృషి హొండ తవ్వుకోవచ్చంది. చేలో నీళ్ళు నిలుపుకునే గుంతను ఆ ఆఫీసులో అలా అంటారు.

"కానీ అమ్మా, మిషన్ పెట్టే ముందు ఒక మనిషి లోతు గుంత తీయించండి. దాంట్లో నీళ్ళు పోసి చూడండి. నిలిస్తేనే హొండ. లోపల వదులు గరుసు తగిలితే ఇంకిపోతాయి."

"సరే పాపా" అంది నరసక్క.

ఆ గుంత తీయలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ జరిపింది. రాళ్ళు మోసిన నడుము ఇంకా లేవడం లేదు. ఇంతలో దేవరాజు పరుగున వచ్చాడు. పక్క ఊరి రోడ్డు పనికి వచ్చిన జేసీబీ వెనక్కి పోతోందట, ఈ పూట అయితే మన చేనుకు వస్తుందట. నరసక్క ఒక్క క్షణం ఆ పిల్ల మాట తలుచుకుంది. "రమ్మను" అంది.

జేసీబీ నడిపే గోపికృష్ణ నెమ్మదస్తుడు. పైన ఎర్రమన్ను పోయాక బకెట్టు నిండా గరుసు రావడం మొదలైంది. ఇంకాస్త కిందికి పోయినా అదే. బండి ఆపి తల బయటికి పెట్టాడు.

"అక్కా, అంతా గరుసే వస్తా ఉండాది. తవ్వల్లా, ఆపల్లా?"

సగం తవ్విన గుంత నోరు తెరిచి ఉంది. గట్టు మీద మన్ను కుప్ప. ఆపితే రెంటికీ చెడినట్టే అనిపించింది ఆమెకు. "తవ్వప్పా" అంది.

ఆ ఏడు ఆరుద్రలోనే మంచి వాన పడింది. గుట్ట నీళ్ళు గెనాల దగ్గర ఆగి ఆగి, చిక్కటి టీ రంగులో కిందికి దిగి, గుంత అంచుదాకా నిండాయి. ఊళ్ళో వాళ్ళు చూడ్డానికి వచ్చారు. చిన్నరంగప్ప కూడా వచ్చాడు, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి. గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "నీళ్ళే" అన్నాడు. ఆ ఒక్క మాటకే నరసక్కకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాటికి సగం గుంత ఖాళీ. ఆ మర్నాటికి అడుగున బురద, దాంట్లో ఒక కప్ప. చిన్నరంగప్ప ఈసారి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదనుకుంది ఆమె. అతను తువ్వాలు భుజాన వేసుకుని బస్సు షెల్టరుకు వెళ్ళిపోయాడు.

ఆమె ఇంట్లో మంచం ఎక్కింది. జ్వరం లేదు. లేవాలని లేదు, అంతే. రంజిత సంగటి, పప్పు తెచ్చి పక్కన పెట్టేది, తీసుకెళ్ళేది. నేత్రావతి సంగతి తెలిసి వచ్చి మంచం అంచున కూర్చుంది. గుంత తీసి చూడలేదా అని అడగలేదు. అడగనందుకు నరసక్క ఆ పిల్లను మరింత ఇష్టపడింది.

"షీటు పరిస్తే నిలుస్తాయమ్మా. మందం ప్లాస్టిక్ షీటు. మీ పేరు పైకి పంపిస్తా. వచ్చేదానికి టైమ్ పడుతుంది."

"రానీలే పాపా, యప్పుడొస్తే అప్పుడు."

కంది, ఆముదం మాత్రం గెనాల వెనక పచ్చగా లేచాయి. అవి పిలవబట్టి మళ్ళీ చేనుకు పోయింది. వాన పడినప్పుడల్లా గుంత నిండేది, నిండినప్పుడల్లా ఇంకిపోయేది. ఆమె అటు చూడడం మానేసింది.

దీపావళి వెళ్ళాక ఒక పొద్దున అలసంద కాయలు కోస్తుంటే, కింది గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారు. మారక్క. చిన్నరంగప్ప చనిపోయిన అన్న పెళ్ళాం, నరసక్కకు తోడికోడలు. మిట్టచేను కిందినుంచి వంకదాకా ఉన్న చేను ఆమెది. పార్కు వచ్చినప్పుడు చిన్నరంగప్ప భాగం కంచెలో పడింది, కౌలు వచ్చింది. వంక పక్కది కాబట్టి మారక్కది పడలేదు. భాగాలప్పుడే తెలిసి మంచిది మీరు తీసుకున్నారని ఆమె వీధిలో నిలబడి తిట్టింది. అప్పటినుంచి రెండు ఇళ్ళకూ మాటల్లేవు.

"నరసీ" అంది మారక్క.

"ఏమక్కా?" మాట్లాడకూడదని గుర్తొచ్చేలోపే మాట బయటికి వచ్చేసింది.

"మా బాయికాడికి వస్తావా? ఒకటి చూపియ్యల్ల."

మారక్క చేలో రాతికట్టు బావి ఒకటి ఉంది. ఊళ్ళో బోర్లు పెరిగాక ఎండిపోయింది. దాంట్లో కంప చెట్లు మొలిచి చాలా కాలమైంది. నరసక్క మెట్ల దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. కంప లేదు, కొట్టేశారు. అడుగున, నాలుగు మెట్లు మునిగేంత, ఆకాశం రంగులో నీళ్ళు.

"మొదటి వానకే చెమ్మ కనపడె" అంది మారక్క, ఆమె వైపు చూడకుండా. "వంక నీళ్ళేమో అనుకుంటి. వంకలో నీళ్ళు పోయినా ఇవి పోలేదు. నీ గుంత నిండినప్పుడంతా, రెండు దినాలకు ఈడ ఎక్కుతా ఉండాది. నీ గుంతలో ఇంకినవి యాడికీ పోలేదు నరసీ. ఈడికొస్తా ఉండాయి."

నరసక్క మెట్లు దిగి నీళ్ళ పై మెట్టు మీద కూర్చుంది. సంతోషం రాలేదు. మొదట వచ్చింది కోపమే. తను మోసిన రాళ్ళు, తన నడుము, మంచం మీద పడి ఉన్న ఆ రోజులు. అన్నీ తనను వీధిలో తిట్టిన మనిషి బావిలో తేలుతున్నాయి. కానీ కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు. దాన్ని నిలుపుకోవడానికి కూడా ఓపిక కావాలి. కాళ్ళు నీళ్ళలో పెట్టింది. మోకాళ్ళదాకా చల్లదనం ఎక్కింది.

"ఇన్ని దినాలు చెప్పలేదే?"

"చెప్పకుండానే ఉండల్లనుకుంటి. నీ హొండకి షీటు వస్తాదంట కదా. షీటు ఏస్తే నాకీ నీళ్ళు రావు. దానికే వచ్చినా. మంచితనంతో రాలేదు, అది కూడా చెప్తాండా."

నరసక్క ఆమె ముఖం చూసింది. ఎండకు కమిలి, కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. తన ముఖం కూడా ఇలాగే ఉంటుందేమో అనుకుంది.

ఇంట్లో చెబితే చిన్నరంగప్ప చాలా కాలం తర్వాత గొంతు పెంచాడు. "షీటు ఏయించు! మన గుట్ట నీళ్ళు, మన గుంత. మనల్ని పగవాళ్ళు కూడా అట్ల తిట్టరు. ఆమె బాయి నింపేదానికా నువ్వు రాళ్ళు మోసింది?"

"గుట్ట మనది కాదులే" అంది ఆమె. ఆ మాట అన్నాక గాని అది నిజమని తోచలేదు.

నేత్రావతిని అడిగితే ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. షీటు వేస్తే నీళ్ళు మీ కళ్ళముందే ఉంటాయి, కానీ మన ఎండలకు చాలా భాగం ఆవిరైపోతుంది. నేలలోకి దిగినవి దాచినట్టు ఉంటాయి, ఇంకా ఎక్కువ నాళ్ళు వస్తాయి. కాకపోతే బావి మీది కాదు.

"మాట తీసుకుంటే ఆమె దాని మీద నిలబడుతుందా అమ్మా?"

"నిలబడతాదో లేదో. తిట్టుకుని తిట్టుకుని ఇద్దరమూ అలిసిపోయినాం పాపా. ఇంగ ఇదొకటి చేసి చూస్తాం."

షీటు వద్దని చెప్పేసింది. ఆ మాట మారక్కకు చెప్పడానికి తనే వెళ్ళింది, షరతులతో. బావి దగ్గరి మడిలో ఇద్దరూ కలిసి కూరగాయలు పెట్టాలి. మిట్టచేనులో కొత్తగా నాటిన సీతాఫలం మొక్కలకు ఎండాకాలం ఆ బావి నీళ్ళే ఇవ్వాలి. ఆ చుట్టుపక్కల ఇద్దరిలో ఎవరూ బోరు వేయకూడదు. మారక్క అన్నీ విని, "మీ ఆయన ఏయకుంటే సాలు, నాకు బోరేసే శక్తి యాడుండాది" అంది. అది నవ్వో, దెప్పిపొడుపో నరసక్కకు తెలియలేదు. దేవరాజు మోటారు, పైపు తెచ్చి బిగించాడు.

ఆ ఏడు ఆముదం బాగా వచ్చింది. కంది ఇంటికి సరిపోయి మిగిలింది. ఎండాకాలం మొదట్లో బావి మడిలో వంకాయలు, గోరుచిక్కుడు కాశాయి. ఊళ్ళో కొందరు మిట్టచేనులో ఏదో మహిమ ఉందన్నట్టు మాట్లాడారు. నరసక్క ఆ మాటలను పట్టించుకోలేదు. రాబోయే ఏడు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు, వాళ్ళకూ తెలియదు.

వచ్చిన ఏడు చెడ్డదే అయింది. మృగశిర పొడిగా పోయింది. ఆరుద్ర చినుకులతో సరిపెట్టింది. గుంత ఒక్కసారే నిండింది. కంది పూత రాలిపోయింది. ఉలవ గింజ కట్టక మేతకే పనికొచ్చింది. ఆముదం మాత్రం ఆకులు వేలాడేసుకుని బతికింది. ఎండలు ముదరకముందే బావిలో నీళ్ళు అడుగు మెట్టు దిగిపోయాయి. పైపుకు అందడం లేదు. ఇద్దరు ఆడవాళ్ళూ బిందెలతో తోడి సీతాఫలం మొక్కల మొదట్లో పోశారు.

ఒక పొద్దున వంతు దగ్గర మాటామాటా పెరిగింది. నిన్న నీళ్ళు నువ్వే ఎక్కువ తీసుకున్నావని మారక్క, నా గుంత లేకుంటే నీకు యాడివని నరసక్క. మళ్ళీ మాటలు ఆగిపోయాయి. కొన్నాళ్ళు ఒకరు వెళ్ళాక ఒకరు వచ్చి తోడుకున్నారు. ఒకరోజు నరసక్క నిండు బిందెతో మెట్ల మీద మధ్యలో ఆగిపోయింది. మోకాలు పట్టేసింది. పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. పైన నిలబడ్డ మారక్క దిగి వచ్చి బిందె అందుకుంది. ఆ తర్వాత ఎవరూ వంతుల మాట ఎత్తలేదు.

ఆ బిందె కథ చిన్నరంగప్ప చెవిన ఎలా పడిందో తెలియదు. రోహిణి కార్తెలో ఒక పొద్దున నరసక్క చేనుకు వెళ్ళేసరికి గుంతలో మనిషి ఉన్నాడు. లుంగీ పైకి కట్టి, అడుగున పేరుకున్న ఒండ్రును పారతో గంపకెత్తుతున్నాడు.

"బురద పేరుకుంటే గరుసు మూసుకుపోతాది" అన్నాడు తలెత్తకుండా. "ఇంకితేనే కదా బాయికి పోయేది."

నరసక్క గట్టు మీద నిలబడింది. ఇన్నేళ్ళు ఎక్కడికి పోయావని అడగాలనిపించింది. ఆ మాట మొదలుపెడితే ఎక్కడిదాకా పోతుందో తెలుసు. "ఆ ఒండ్రు గట్టు మీద పోయొద్దు" అంది. "నడిచేలో కొత్త గెనిమ ఎనక పొయ్యి. ఆడ మన్ను పలచగా ఉండాది."

అతను సరేనన్నట్టు తలూపాడు. గంప ఎత్తే మనిషి కావాలి. ఆమె వంగలేదు. కింది చేలోంచి మారక్క వస్తోంది. ఆమెను చూసి చిన్నరంగప్ప ఒక్క క్షణం పార ఆపాడు. మారక్క నేరుగా గుంత దగ్గరికి వచ్చింది. గంప నెత్తికెత్తుకుని నడిచేలోకి నడిచింది.

పొద్దెక్కేదాకా అలాగే సాగింది. అతను తవ్వాడు, మారక్క మోసింది. ఎక్కడ పోయాలో నరసక్క చెప్పింది. మబ్బు లేదు. ఈ ఏడు వాన ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. గెనిమ వెనక నల్లటి ఒండ్రు అరచేతి మందాన పరుచుకుంది. నరసక్క దాన్ని కాలితో సర్ది, చీపురు కంప ఒకటి అడ్డం పెట్టి, ఆముదం గింజలు ఇంట్లో ఏ డబ్బాలో పెట్టిందో గుర్తు చేసుకుంటూ ఇంటిదారి పట్టింది.